సముద్రం ఒడ్డున మా బావి

మా బావిని సముద్రం ఒడ్డుకు తీసుకుపోతామని చెప్పడానికి సినిమావాళ్ళు నరసరావుపేటలోని మా ఇంటికి వచ్చిన రోజు నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. దిగాక రాద్దామని కొన్నాళ్ళు ఆగాను. అది దిగేట్టు లేదు గనక కోపంతోనే రాస్తున్నాను. నెమ్మదిగా, అందంగా రాయలేదని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఈ వయసులో నెమ్మదిగా ఉండమని చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే బోలెడుమంది ఉన్నారు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో మా పెద్దమ్మ గురించి ఒక జ్ఞాపకం రాశాను. మా నాన్నగారి అన్న భార్య ఆమె. వెల్దుర్తి దగ్గర మెట్ట ఊరు మాది. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూపు. నీళ్ళ కరువులో పుట్టి పెరిగిన మా పెద్దమ్మ జీవితంలో ఒక్కసారి సముద్రాన్ని చూసింది, ఆ రోజు ఏం చేసిందన్నది నేను రాసిన ముక్క. దాన్ని ఎక్కడో పట్టుకుని చదివిన కుర్ర దర్శకుడొకడు పోయిన ఏడాది ఫోన్ చేసి, సినిమా తీస్తానన్నాడు. నేను పొంగిపోయాను. నాకంటే ఎక్కువ సంబరపడింది మా రమణక్క, అంటే పెద్దమ్మ కూతురు. నాకంటే కాస్త పెద్దది. ఇప్పటికీ ఆ ఊళ్ళోనే, ఆ ఇంట్లోనే ఉంటుంది. పెద్దమ్మ పోయాక అడగవలసింది ఆమెనే గనక వెళ్ళి అడిగాను. "తియ్యమను తమ్ముడా. మన బాయి చూపిస్తే చాలు. సినిమాలో చూస్తే పైవాళ్ళకైనా సిగ్గొచ్చి ఒక పైపు వేస్తారేమో" అంది. ఆమె ఒప్పుకున్నది ఆ ఒక్క ఆశతో. మా ఊరికి ఇప్పటికీ ఎండాకాలం ట్యాంకరే దిక్కు. కృష్ణను కట్టేసి నిలబెట్టిన అంత పెద్ద సాగరం మా పక్కనే ఉంది. దాని నీళ్ళు ఎక్కడెక్కడికో పోతాయి, మా దిబ్బ మాత్రం ఎక్కవు.

వచ్చినవాళ్ళు ముగ్గురు. దర్శకుడు, కెమెరా అతను, లొకేషన్లు చూసే మస్తాన్. మస్తాన్ మాచర్ల కుర్రాడు. వాళ్ళ నాన్న అక్కడ మోటార్లు బాగుచేసేవాడట. మిగతా ఇద్దరూ హైదరాబాదు. దర్శకుడు వినయంగానే ఉన్నాడు, అది మరీ మంట పుట్టించింది. కాఫీ తాగి, లాప్‌టాప్ తెరిచి, బాపట్ల వైపు తీరం ఫోటోలు ఒక్కొక్కటే చూపించాడు. తాటిచెట్లు, పాత గుడి, ఇసుక, తెల్లవారుజామున పడవలు.

"లొకేషన్ ఫిక్స్ అయిపోయింది మాస్టారూ. మోటుపల్లి ఏరియా. కాకతీయుల కాలంనాటి రేవు. అంత హిస్టరీ ఉన్న తీరం మనవైపు ఎవరూ సరిగ్గా వాడుకోలేదు. ఫ్రేమ్ పెడితే చాలు, కథ అదే చెప్పేస్తుంది."

"మంచిది. సముద్రం సీను అక్కడే తియ్యాలి గదా. మరి మా ఊరు?"

అతను కెమెరా అతని మొహం చూశాడు. కెమెరా అతను మస్తాన్ మొహం చూశాడు. మస్తాన్ కాఫీ గ్లాసులోకి చూశాడు.

"ఊరు కూడా అక్కడే సెట్ వేస్తున్నాం సార్. మీ ఊరు వెళ్ళొచ్చాం. చాలా డ్రైగా ఉంది. ఎండ ఫ్లాట్‌గా ఉంది. అక్కడ ఏ యాంగిల్ పెట్టినా కంటికి ఫీల్ రావట్లేదు. యూనిట్ ఉండడానికి హోటల్ కూడా లేదు. తీరంలో ఇల్లు, బావి అన్నీ కట్టేసి, బ్యాక్‌గ్రౌండ్‌లో లైట్‌గా సముద్రం హోరు పెడతాం."

ఎండిపోయిన ఊరు తీయడానికి ఎండిపోయిన ఊరు పనికిరాలేదు! డ్రైగా ఉందట. డ్రైగా ఉండబట్టే గదయ్యా నువ్వు మా గుమ్మం ఎక్కింది అన్నాను. చరిత్ర ఉన్న తీరమట. మాకు లేదా చరిత్ర? మా వీరుల పేర్లు చెప్పి మీసాలు తిప్పే సినిమాలకు పల్నాడు కావాలి, కత్తులు కావాలి, సుమోలు గాల్లోకి లేపడానికి మా క్వారీలు కావాలి. బిందె పట్టుకుని నడిచిన ఆడమనిషిని చూపించాల్సి వచ్చేసరికి మా ఎండకు ఫీల్ లేకుండా పోయింది. ఇదంతా ఆ కుర్రాడి ముందు గట్టిగానే అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి రెండుసార్లు దగ్గింది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆ రాత్రి అన్నం సయించలేదు. ఊళ్ళో పెద్దమ్మావాళ్ళూ మేమూ కలిసి ఉన్న ఇల్లు కళ్ళముందు తిరుగుతూనే ఉంది. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు, నాపరాళ్ళ అరుగు. మధ్యాహ్నానికి ఆ రాళ్ళన్నీ కాగిపోయి, సాయంత్రం నీళ్ళు చల్లితే చల్లబడతాయని తెలిసినా చల్లడానికి నీళ్ళుండేవి కావు. మా ఇంట్లో నీళ్ళు ఒకసారి వాడి పారబొయ్యడం అనే పనే లేదు. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి పోయేవి. స్నానం చెయ్యడానికి పెరట్లో ఒక బండ ఉండేది. దానికి ఒక పక్కకు వాలు ఉండి, వాలు చివర మట్టి గోలెం పాతి ఉండేది. ఒంటిమీద పోసుకున్న నీళ్ళు ఆ గోలెంలోకి చేరేవి. ఆ నీళ్ళలో మసిగుడ్డలు జాడించేవాళ్ళు, జాడించిన నీళ్ళతో పేడ కలిపి వాకిట్లో చల్లేవాళ్ళు. చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కోవడానికి చెంబిచ్చి, "ఇటు నిలబడి కడుక్కోండి" అని పెద్దమ్మ అనపపాదు మొదట్లోకి నిలబెట్టేది. డెల్టా వైపునుంచి వచ్చిన పెళ్ళిచూపులవాళ్ళు చెంబునిండా నీళ్ళు గుమ్మం ముందు గుమ్మరించి కాళ్ళు కడుక్కున్నారని ఆ సంబంధమే వద్దన్నది ఆమె. ఎవరేం చెప్పినా వినలేదు.

మా తాత చెంబుడు నీళ్ళతో మొహం, చేతులు, కాళ్ళు కడుక్కుని ఇంకో గుక్క మిగిల్చేవాడు. ఆ మిగిలింది దూడకు. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమాలంటే పండగ రావాల్సిందే. మిగతా రోజుల్లో బూడిదతో రుద్ది గుడ్డతో తుడవడమే. ఇంట్లో ఎప్పుడూ తడి మోకు వాసన, ఎండిన పేడ వాసన, జొన్నన్నం వాసన కలిసి ఉండేవి. ఈ మూడు వాసనలూ సెట్ వేసేవాళ్ళు ఏ దుకాణంలో కొంటారో చూడాలి.

ఇక బావి సంగతి. వేసవి ముదిరితే బావి అడుగున ఊట మూకుడంత గుంటలో మాత్రమే ఊరేది. పైనుంచి చేద వేస్తే రాతికి తగిలి చప్పుడయ్యేది గాని మునిగేది కాదు. అందుకని బరువు తక్కువున్న పిల్లల్ని నడుముకు మోకు కట్టి దించేవాళ్ళు. కింద కూర్చుని కొబ్బరిచిప్పతో ఊట తోడి, ఇంకో తాడుకు కట్టి వదిలిన చేదలో పొయ్యాలి. ఊళ్ళో అన్ని ఇళ్ళ పిల్లలమూ వంతులు వేసుకుని దిగాం. పైన నిప్పులు చెరుగుతుంటే అడుగున చల్లగా, మెత్తని బురద వాసనతో హాయిగా ఉండేది. ఆ హాయికి పిల్లలు నిద్రపోతారని పెద్దవాళ్ళకు భయం. అందుకని బావి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు దిగిన పిల్ల పేరు పెట్టి పిలుస్తూనే ఉండేవాళ్ళు. పిలిచినప్పుడల్లా "ఊఁ" అనాలి. అనకపోతే లాగేస్తారు. నాకు ఆ పిలుపులు విసుగ్గా ఉండేవి. రమణక్క మాత్రం కిందినుంచి "ఊఁ" అనకుండా "ఓయ్" అని అరిచి అందర్నీ నవ్వించేది.

ఒక వేసవి మోకు రాపిడికి బావి ఒరలోని రాయి ఒకటి కదిలి కిందికి పడింది. రమణక్క కాలిమీద పడింది. పెద్దనాన్న ఒక్క ఉదుటున మోకు లాగాడు. అందరూ అరుస్తున్నారు, పెద్దమ్మ తలబాదుకుంటోంది. అప్పటికే సగం నిండిన చేదను కూడా ఎవరో పైకి లాగారు. ఆ గోలలో, ఆ ఏడుపులో, ఆ చేదను ఒలకబొయ్యకుండా తెచ్చి మా బిందెలో పోశారు. అది నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పోసిన మనిషిమీద కోపం రాదు. ఆ మనిషిని అట్లా తయారుచేసిన కరువుమీద, దాన్ని అట్లాగే ఉంచిన వాళ్ళమీద వస్తుంది. కట్లు కట్టే ముసలాయన కాలు సరిగ్గా కూర్చోబెట్టలేకపోయాడు. అక్క అప్పటినుంచీ కుంటుతూనే నడుస్తుంది.

ఈ సంగతి విన్నప్పుడు దర్శకుడు ఏమన్నాడో తెలుసా? "ఆ సీన్ సూపర్ సార్, రోప్ రిగ్ వేసి చేద్దాం" అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో ఊరివాళ్ళంతా లారీ మాట్లాడుకుని చీరాల ఓడరేవుకు సముద్ర స్నానానికి పోయారు. రమణక్క కాలికి సముద్రపు నీళ్ళు మంచివని ఎవరో చెబితే పెద్దమ్మ కూడా బయలుదేరింది. నన్నూ ఎక్కించుకుంది. బయలుదేరేటప్పుడు ఆమె చంకలో ఖాళీ బిందె ఉంది. చూస్తే లారీలో ఉన్న ప్రతి ఆడమనిషి దగ్గరా బిందో, కావిడి కుండో, ఏదో ఒకటి ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. నీళ్ళున్న చోటికి ఉత్తచేతులతో పోవడం మా ఊరి ఆడవాళ్ళకు తెలియదు. సముద్రపు నీళ్ళు ఉప్పగా ఉంటాయని అందరూ విన్నవాళ్ళే. అయినా తెచ్చారు. దారిలో టీకి దిగినప్పుడు అక్కడివాళ్ళు మా బిందెల్ని చూసి పగలబడి నవ్వారు.

ఒడ్డుకు చేరాక అందరూ దండం పెట్టారు. పెద్దమ్మ పెట్టలేదు. మోకాళ్ళదాకా దిగి, దోసిట్లో పట్టి నాలిక్కి తగిలించుకుని, ఉమ్మేసింది.  తర్వాత సముద్రాన్ని తిట్టడం మొదలుపెట్టింది. ఇంటిపక్క మనిషిని తిట్టినట్టు చెయ్యి ఊపుతూ తిట్టింది.

"ఏమే, నీకు సిగ్గుందా? ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఊరికే ఎగురుతా కూచున్నావే! నా బిడ్డ గిన్నెడు నీళ్ళ కోసం కాలు పోగొట్టుకుంది. చుక్క తాగనియ్యవు, చేనుకు పారవు. ఎవురి కోసం దాచావే ఇదంతా?"

పక్కవాళ్ళు లాగినా ఆగలేదు. "గంగమ్మను తిట్టకూడదు వదినా" అని ఎవరో అంటే, "గంగమ్మయితే మా ఊరు రమ్మను, పసుపుకుంకాలు నేనే పెడతా" అంది. తిట్టి తిట్టి అలసిపోయాక, ఏడవలేదు, నవ్వలేదు. బిందె ముంచి నింపుకుంది. చుట్టకుదురు పెట్టుకుని నెత్తికెత్తుకుంది. "ఎందుకమ్మా ఈ ఉప్పునీళ్ళు?" అని రమణక్క అడిగితే, "గొడ్లన్నా కడగొచ్చు గదే" అంది. లారీ డ్రైవర్ మొత్తుకున్నా ఆడవాళ్ళు ఒక్కరూ బిందె వదల్లేదు. రాత్రంతా ఆ గతుకుల రోడ్డుమీద ఒళ్ళో బిందెలు పట్టుకుని కూర్చుని ఇంటికి తెచ్చారు.

తెల్లారి ఆ నీళ్ళతో గేదెల్ని కడిగింది. ఒంటిమీద నీళ్ళు ఆరి ఉప్పు పట్టింది. గేదెలు మధ్యాహ్నందాకా ఒకదాన్నొకటి నాకుతూ నిలబడ్డాయి. అంత ఉప్పు నాకాక దాహం వెయ్యదా? సాయంత్రానికి గంగవెర్రులెత్తి అరిచాయి. తొట్టి మొత్తం తాగాయి, ఇంట్లో తాగడానికి దాచిన బిందెలోవి కూడా పొయ్యాల్సి వచ్చింది. ఊళ్ళో నాలుగైదు ఇళ్ళలో ఇదే కథ. సముద్రం ఇచ్చింది ఒక బిందె, లాక్కున్నది రెండు బిందెలు. ఆ రాత్రి మేము దాహంతోనే పడుకున్నాం. పెద్దమ్మ చీకట్లో కూర్చుని మళ్ళీ సముద్రాన్ని తిట్టడం నాకు వినిపించింది.

ఇదీ కథ. ఈ కథలో పెద్దమ్మ మొహాన చిరునవ్వు ఎక్కడుందో దర్శకుడే చెప్పాలి. అతని స్క్రిప్టులో ఆమె సముద్రాన్ని చూసి నవ్వుతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, చేతులు చాచి అలల్లోకి నడుస్తుంది, వెనక వేణువు. గేదెలు లేవు. "ఆడియన్స్ కనెక్ట్ అవ్వాలి కదా సార్, కోపంతో ఎండ్ చేస్తే హెవీ అవుతుంది" అన్నాడు. నాకు నచ్చలేదు, నా కథ తియ్యొద్దు అన్నాను. అప్పటిదాకా వినయంగా ఉన్నవాడు అదే వినయంతో, "పేర్లు మార్చి తీసుకుంటాం సార్. నీళ్ళు లేని ఊళ్ళు చాలా ఉన్నాయి కదా" అని లేచాడు. నిజమే, చాలా ఉన్నాయి. అందుకేగా మీకు ఏ ఊరైనా ఒకటే.

ఈ సంగతి అక్కకు ఫోనులో చెప్పలేక, ఎండలు ముదిరాక స్వయంగా వెళ్ళాను. ఊరు మారలేదని చెబితే అబద్ధం. సిమెంటు రోడ్డు పడింది. ప్రతి ఇంటి మీదా డిష్ ఉంది. పిల్లలు ఫోనులో తల దూర్చి నడుస్తున్నారు. డబ్బున్నవాళ్ళు నీళ్ళ క్యాన్లు తెప్పించుకుంటున్నారు. లేనివాళ్ళ ఇళ్ళముందు నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు వరసగా నిలబడి ట్యాంకర్ కోసం చూస్తున్నాయి. మా బావిలో సగందాకా చెత్త. స్నానం బండ మాత్రం అక్కడే ఉంది. అక్క ఇప్పటికీ దానిమీదే నీళ్ళు పోసుకుంటుంది, మట్టి గోలెం బదులు ప్లాస్టిక్ టబ్బు పెట్టింది. అప్పుడు మాకు దారి లేదు, ఎవర్నీ అడగడం తెలియదు. ఇప్పుడు దారులున్నాయి, మోటార్లున్నాయి, పైపులున్నాయి, నీళ్ళు అడగని ఎన్నికలు లేవు. అయినా ఆ టబ్బు అక్కడే ఉంది. అప్పటి దాహం కంటే ఇప్పటి దాహం నాకు ఎక్కువ మండుతుంది.

నేను తిట్టినంత తిట్టి చెబితే అక్క నింపాదిగా విన్నది.

"ఎందుకంత ఆవేశపడతావు? యాడ తీస్తే ఏంది తమ్ముడా. ఎండిపోయిన బాయి చూపిస్తారా లేదా?"

"చూపిస్తారు."

"పిల్లని దించేది చూపిస్తారా?"

"చూపిస్తారంట."

"చాల్లే మరి. పేరు లేకపోతే పోయింది. చూసినోళ్ళు మనూరే అనుకుంటారు. మా అమ్మ నవ్వితే నవ్వనియ్యి, పైపొస్తే నిజంగానే నవ్వేది."

ఆమె అంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. నా కోపం నా దగ్గరే మిగిలిపోయింది. అరుగుమీద కూర్చున్నాను. అప్పుడే మస్తాన్ ఫోన్ చేశాడు. అతను మధ్యమధ్య పలకరిస్తుంటాడు. మా దగ్గర తలెత్తలేకపోయిన సంగతి అతనికి గుర్తున్నట్టుంది. అక్క వినాలని స్పీకర్ పెట్టాను.

"షూటింగ్ ఎక్కడిదాకా వచ్చిందయ్యా?"

"యాడ మాస్టారూ, బావి కాడే ఆగిపోయింది. ఎండిన బావి కావాలన్నారు గదా, ఇసకలో తవ్వించాం. నిలువెత్తు కూడా తవ్వలేదు, నీళ్ళు ఉబికొచ్చేశాయి. ఎంత తోడినా ఊరిపోతన్నాయి. రాత్రీ పగలూ మోటార్లు నడిపి ఎండబెడతన్నాం."

 అక్క ఫోను దగ్గరికి వంగింది.

"అబ్బాయ్, నేను రమణమ్మని. ఆ నీళ్ళు ఉప్పయ్యా, మంచియ్యా?"

"మంచియ్యే పెద్దమ్మా. ఇసకలో ఊట గదా, తియ్యగా ఉన్నాయి. మా వాళ్ళంతా అయ్యే తాగుతున్నారు."

"మరి తోడినయ్యి ఏం చేస్తన్నారు?"

 "పైపేసి సముద్రంలోకి వదుల్తున్నాం పెద్దమ్మా" అన్నాడు మస్తాన్.

అక్క మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడని మొహంగా మారింది. రాయి పడిన రోజు కూడా ఆమె అట్లా లేదు. బయట ట్యాంకర్ హారన్ వినిపించింది, వీధిలో డ్రమ్ములు జరుపుతున్న చప్పుడు మొదలైంది. అక్క గోడ పట్టుకుని లేచి బిందె అందుకుంది.

"మా అమ్మను ఆ బాయి కాడ నిలబెట్టొద్దని చెప్పు తమ్ముడా. పేరు మార్చినా సరే, మనిషిని మార్చినా సరే. మంచినీళ్ళు సముద్రంలో పారబోసే చోట మా అమ్మ నిలబడదు."

ఆ మాట ఉన్నదున్నట్టు మస్తాన్‌కు మళ్ళీ చెప్పాను. సినిమా ఆగదని అతనికి తెలుసు, నాకూ తెలుసు. చెప్పి తలెత్తేసరికి అక్క కుంటుకుంటూ ట్యాంకర్ వరసలో నిలబడి ఉంది.